వోల్టేజి, కరెంటు తెలిస్తే నిరోధం, సామర్థ్యం లెక్కకట్టడం ఎలా?

సూత్రాలు రెండే. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే సామర్థ్యం.

నిరోధం (ఓమ్‌లు) = వోల్టేజి (వోల్టులు) ÷ కరెంటు (ఆంపియర్లు)
సామర్థ్యం (వాట్లు) = వోల్టేజి (వోల్టులు) × కరెంటు (ఆంపియర్లు)

భాగహారం, గుణకారం వచ్చినవారెవరికైనా రెండు నిమిషాల పని ఇది. అయినా జవాబులు తరచూ తప్పుతుంటాయి. చాలాసార్లు పొరపాటు జరిగేది లెక్క మొదలుపెట్టకముందే. బ్యాటరీ వోల్టేజి తీసుకుని ఎల్ఈడీ కరెంటుతో భాగిస్తారు. చల్లని ఫిలమెంటు నిరోధం తీసుకుని వెలుగుతున్న బల్బు సామర్థ్యం కట్టబోతారు. కాలిక్యులేటరు దేనికైనా ఒక జవాబు చూపిస్తుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

అందువల్ల ఈ లెక్క వేసే ప్రతిసారీ ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ వోల్టేజి ఏ వస్తువు రెండు కొసల మధ్య ఉన్నది? ఈ కరెంటు ఏ వస్తువు గుండా పోతున్నది? రెండూ ఒకే వస్తువుకు, ఒకే సమయానికి చెందినవేనా? జవాబు ‘అవును’ అయితేనే కాలిక్యులేటరు తీయండి. కింద వచ్చే ఉదాహరణలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

మొదట ప్రమాణాలు సరిచేసుకోండి

మీటరు మీద కనిపించే అంకె ఎప్పుడూ వోల్టుల్లో, ఆంపియర్లలో ఉండదు. 250 మిల్లీఆంపియర్లు అంటే 0.25 ఆంపియర్. 40 మైక్రోఆంపియర్లు అంటే 0.00004 ఆంపియర్. సూత్రంలో పెట్టేముందు వీటిని వోల్టులు, ఆంపియర్లలోకి మార్చుకోవాలి. ఈ ఒక్క అడుగు దాటవేస్తే జవాబు వెయ్యి రెట్లో, పది లక్షల రెట్లో తప్పుతుంది.

చిన్న సర్క్యూట్లతో పని ఎక్కువగా ఉన్నవారికి ఒక దగ్గరి దారి ఉంది. వోల్టులను మిల్లీఆంపియర్లతో భాగిస్తే జవాబు నేరుగా కిలోఓమ్‌లలో వస్తుంది. వోల్టులను మిల్లీఆంపియర్లతో గుణిస్తే మిల్లీవాట్లు వస్తాయి. 5 వోల్టులు, 2 మిల్లీఆంపియర్లు అనగానే 2.5 కిలోఓమ్‌లు, 10 మిల్లీవాట్లు అని నోటి లెక్కతో చెప్పేయవచ్చు.

తర్వాత కొలవండి

వోల్టేజిని వస్తువు రెండు కొసల మధ్య, అంటే సమాంతరంగా కొలుస్తారు. సర్క్యూట్‌ను ఎక్కడా తెంచక్కర్లేదు. మల్టీమీటరు ప్రోబులు రెండింటినీ రెండు కొసలకు తాకిస్తే చాలు. కరెంటును అలా కొలవలేం. అది మీటరు గుండా పోవాలి కాబట్టి సర్క్యూట్‌ను ఒకచోట తెంచి, ఆ ఖాళీలో మీటరును శ్రేణిలో కలపాలి.

అతి ముఖ్యమైన జాగ్రత్త ఇక్కడే ఉంది. కరెంటు కొలిచే స్థితిలో మల్టీమీటరు నిరోధం దాదాపు శూన్యం. ప్రోబు ఆంపియర్ల జాక్‌లో ఉండగా మరచిపోయి ఆ మీటరును బ్యాటరీ రెండు కొసలకు తాకిస్తే అది నేరుగా షార్ట్ సర్క్యూట్. అదృష్టం బాగుంటే మీటరు లోపలి ఫ్యూజుతో పోతుంది. కరెంటు కొలవడం పూర్తయిన వెంటనే ఎర్ర ప్రోబును వోల్టుల జాక్‌లోకి మార్చేయడం అలవాటు చేసుకోండి. మరొక మాట: ఇంటి గోడ సాకెట్లలోని విద్యుత్తు మీద ఈ విధంగా సర్క్యూట్ తెంచి కొలవవద్దు. అక్కడ తీగ చుట్టూ పట్టుకునే క్లాంపు మీటరు లేదా సాకెట్‌కు, పరికరానికి మధ్య పెట్టే వాట్ మీటరు ఉండనే ఉన్నాయి. కింది కొలతలన్నీ తక్కువ వోల్టేజి డీసీ సర్క్యూట్ల మీద చేయండి.

ఇక అంకెలు. ఒక రెసిస్టరును 12 వోల్టుల సరఫరాకు కలిపారనుకోండి. దాని రెండు కొసల మధ్య మీటరు 11.8 వోల్టులు చూపింది. శ్రేణిలో పెట్టిన మీటరు 0.25 ఆంపియర్ చూపింది.

నిరోధం: 11.8 ÷ 0.25 = 47.2 ఓమ్‌లు
సామర్థ్యం: 11.8 × 0.25 = 2.95 వాట్లు

సరఫరా పెట్టె మీద 12 అని రాసి ఉన్నా లెక్కలోకి 11.8 తీసుకున్నాం. మిగిలిన 0.2 వోల్టు తీగల్లో, మీటరులో పడిపోయింది. అది రెసిస్టరుది కాదు. వచ్చిన జవాబు 47 ఓమ్‌ల రెసిస్టరుకు సరిగ్గా సరిపోతుంది. 12 పెట్టి ఉంటే 48 వచ్చేది. తేడా చిన్నదే. కానీ ఇదే అలవాటు మరో సర్క్యూట్‌లో పెద్ద దెబ్బ కొడుతుంది.

సామర్థ్యానికి మరో రెండు రూపాలు

వోల్టేజి అంటే కరెంటు × నిరోధం కాబట్టి, దాన్ని సామర్థ్యం సూత్రంలో పెడితే ఇంకో రెండు రూపాలు వస్తాయి:

సామర్థ్యం = కరెంటు × కరెంటు × నిరోధం
సామర్థ్యం = వోల్టేజి × వోల్టేజి ÷ నిరోధం

పై రెసిస్టరుతోనే సరిచూడండి. 0.25 × 0.25 × 47.2 = 2.95. 11.8 × 11.8 ÷ 47.2 = 2.95. మూడు దారుల్లోనూ ఒకే జవాబు రావాలి. రాకపోతే ఎక్కడో వేరే వస్తువు అంకె చొరబడిందని అర్థం. ఇంతకంటే చవకైన తనిఖీ లేదు.

త్రిభుజం గీసి అందులో మూడు అక్షరాలు పెట్టి, కావలసినదాన్ని వేలితో మూసి మిగతాది చదువుకునే పద్ధతి పాఠశాలల్లో బాగా ప్రచారంలో ఉంది. పరీక్షకు పనికొస్తుంది. నా మటుకు నాకు దానిమీద పెద్ద గౌరవం లేదు. ఏ అంకె ఏ వస్తువుదో అది చెప్పదు, ఏ రూపం ఎప్పుడు వాడాలో అంతకన్నా చెప్పదు. వాడుకలో తేలిక సూత్రం ఇది: శ్రేణిలో ఉన్న వస్తువులన్నిటి గుండా ఒకే కరెంటు పోతుంది, కాబట్టి వాటిని పోల్చేటప్పుడు కరెంటు వర్గం ఉన్న రూపం వాడండి. సమాంతరంగా ఉన్నవాటికి వోల్టేజి ఒకటే, కాబట్టి అక్కడ వోల్టేజి వర్గం ఉన్న రూపం. శ్రేణిలో నిరోధం ఎక్కువ ఉన్నది ఎక్కువ వేడెక్కుతుంది. సమాంతరంలో నిరోధం తక్కువ ఉన్నది ఎక్కువ వేడెక్కుతుంది. ఈ రెండు మాటలూ పరస్పర విరుద్ధంగా కనిపించి చాలామందిని తికమక పెడతాయి. రెండు రూపాలను పక్కపక్కన పెట్టి చూస్తే తికమక పోతుంది.

వర్గం ఉండటం వల్ల మరో ఫలితం. 230 వోల్టుల మీద 2000 వాట్లు ఇచ్చే హీటరు నిరోధం 230 × 230 ÷ 2000, అంటే సుమారు 26.45 ఓమ్‌లు. సరఫరా 10 శాతం తగ్గి 207 వోల్టులైతే సామర్థ్యం 207 × 207 ÷ 26.45 = 1620 వాట్లు. వోల్టేజి 10 శాతమే తగ్గినా వేడి 19 శాతం తగ్గింది. హీటరులోని నైక్రోమ్ తీగ నిరోధం వేడితో పెద్దగా మారదు కాబట్టి ఈ లెక్క హీటరుకు నిజానికి దగ్గరగానే ఉంటుంది. అన్నిటికీ అలా కుదరదు.

బల్బు దగ్గర లెక్క ఎందుకు తప్పుతుంది?

పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బును తీసుకోండి. 230 వోల్టుల మీద అది తీసుకునే కరెంటు 60 ÷ 230, అంటే 0.26 ఆంపియర్. నిరోధం సుమారు 882 ఓమ్‌లు రావాలి. ఇప్పుడు బల్బును విప్పి, చల్లారాక మల్టీమీటరుతో నిరోధం కొలిస్తే అందులో పదో వంతు కూడా కనిపించదు. 60, 70 ఓమ్‌ల దగ్గర ఆగిపోతుంది. బల్బు పాడవలేదు, మీటరూ పాడవలేదు. వెలిగేటప్పుడు టంగ్‌స్టన్ ఫిలమెంటు రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది, ఆ వేడికి దాని నిరోధం పది పదిహేను రెట్లు పెరుగుతుంది.

చల్లని నిరోధం 65 ఓమ్‌లు పట్టుకుని సామర్థ్యం కడితే 230 × 230 ÷ 65, అంటే 800 వాట్లకు పైనే వస్తుంది. వెలుగుతున్న బల్బుకు ఇది శుద్ధ తప్పు. కానీ స్విచ్ వేసిన తొలి క్షణానికి మాత్రం ఇది నిజమే: ఫిలమెంటు ఇంకా చల్లగా ఉన్న ఆ కొద్దిపాటి సమయంలో కరెంటు ఒక్కసారిగా ఎగసిపడుతుంది. బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే పోవడానికి అదొక కారణం. ఒకే వస్తువు, రెండు వేర్వేరు సమయాలు, రెండు వేర్వేరు జవాబులు. అందుకే వేడెక్కే వస్తువుల నిరోధం తెలుసుకోవాలంటే ఓమ్‌మీటరును పక్కన పెట్టి, అది పనిచేస్తుండగానే వోల్టేజి, కరెంటు కొలిచి భాగించాలి.

ఎల్ఈడీకి రెసిస్టరు ఎంచుకోవడం

ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టిన ప్రతివారూ చేసే లెక్క ఇది. 9 వోల్టుల బ్యాటరీ ఉంది. ఎర్ర ఎల్ఈడీని 15 మిల్లీఆంపియర్లతో వెలిగించాలి. 9 ÷ 0.015 = 600 ఓమ్‌లు అనేస్తే తప్పు. ఆ 9 వోల్టులూ రెసిస్టరు మీదే పడటం లేదు. వెలుగుతున్న ఎర్ర ఎల్ఈడీ రెండు కొసల మధ్య దాదాపు 2 వోల్టులు నిలుస్తాయి. రెసిస్టరు వాటాకు మిగిలేది 7 వోల్టులు.

7 ÷ 0.015 = 467 ఓమ్‌లు. మార్కెట్లో దొరికే ప్రామాణిక విలువల్లో దీనికి దగ్గరిది 470. అది పెట్టాక అసలు కరెంటు ఎంతో వెనక్కి లెక్కవేయండి: 7 ÷ 470 = 0.0149 ఆంపియర్. చాలు. రెసిస్టరులో ఖర్చయ్యే సామర్థ్యం 7 × 0.0149 = 0.104 వాట్. పావు వాట్ రెసిస్టరు హాయిగా సరిపోతుంది.

వాటేజి విషయంలో పొదుపు వద్దు. లెక్కలో వచ్చిన సామర్థ్యానికి కనీసం రెట్టింపు ఉన్న రెసిస్టరు ఎంచుకోండి. రెసిస్టరు మీద చెప్పే వాటేజి అది తట్టుకోగల గరిష్ఠం. ఆ గరిష్ఠం దగ్గర అది వేలు పెట్టలేనంతగా కాలుతుంది, పక్కనున్న భాగాలనూ వేడెక్కిస్తుంది. గాలి ఆడని మూసిన పెట్టెలో ఉంటే ఇంకా ఎక్కువ వదులు ఇవ్వాలి. ఇందాకటి 2.95 వాట్ల రెసిస్టరుకు 3 వాట్లది పెడితే కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది. నేనైతే 5 వాట్ల కంటే తక్కువది పెట్టను, పెట్టెలో ఉంటే పదికి వెళ్తాను.

మరి ఎల్ఈడీ నిరోధం ఎంత? 2 ÷ 0.015 = 133 ఓమ్‌లు అని లెక్క చెబుతుంది. ఆ అంకెతో మీరు చేయగలిగింది ఏమీ లేదు. అదే ఎల్ఈడీ 5 మిల్లీఆంపియర్ల దగ్గర 1.8 వోల్టులు చూపితే జవాబు 360 ఓమ్‌లు అవుతుంది. వోల్టేజికి అనుపాతంలో కరెంటు పెరిగే వస్తువులకే ‘దీని నిరోధం ఇంత’ అని ఒకే అంకె చెప్పగలం. ఎల్ఈడీ, డయోడు, ట్రాన్సిస్టరు ఆ కోవలోకి రావు. సామర్థ్యం మాత్రం ఏ వస్తువుకైనా వోల్టేజి × కరెంటే: ఈ ఎల్ఈడీలో 2 × 0.015 = 0.03 వాట్. నిరోధం లెక్క కొన్ని వస్తువులకే పనికొస్తుంది, సామర్థ్యం లెక్క అన్నిటికీ పనికొస్తుంది.

బ్యాటరీలో, తీగల్లో దాక్కున్న నిరోధం

నిరోధం కనుక్కోవడానికి ఎప్పుడూ పూర్తి వోల్టేజి అక్కర్లేదు. తగ్గిన వోల్టేజి చాలు. లోడు (కరెంటు తీసుకునే పరికరం) లేనప్పుడు ఒక బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది, 5 ఆంపియర్లు లాగుతుంటే 12.1కి దిగింది. తగ్గిన 0.5 వోల్టును 5 ఆంపియర్లతో భాగిస్తే 0.1 ఓమ్. అదే బ్యాటరీ అంతర్నిరోధం. లోడుకు అందేది 12.1 × 5 = 60.5 వాట్లు, బ్యాటరీ లోపలే వేడిగా పోయేది 0.5 × 5 = 2.5 వాట్లు. రెండూ కలిపితే 63, 12.6 × 5 కూడా 63. ఇలా కూడిక సరిపోవడం చూశాకే లెక్కను నమ్మండి.

ఈ నియమానికి పేరిచ్చిన జార్జ్ సైమన్ ఓమ్‌కు కూడా బ్యాటరీతోనే చిక్కొచ్చింది. అప్పటి బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండేది కాదు. దాంతో ఆయన రెండు లోహాల అతుకులను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉంచి విద్యుత్తు పుట్టించే థర్మోకపుల్‌ను వాడి కొలతలు తీసుకున్నారు. 1827లో వెలువడిన ఆయన పుస్తకంతో ఆ నియమం సమగ్రంగా లోకానికి అందింది. మూలం నిలకడగా లేకపోతే భాగహారానికి అర్థం లేదన్న సంగతి ఆయనకు బాగా తెలుసు.

తీగల సంగతి చూడండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో 10 మీటర్ల దూరంలోని లోడుకు 12 వోల్టులు పంపుతున్నారు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. కాబట్టి తీగ పొడవు 20 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యమున్న రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.0172 ఓమ్. ఈ తీగకు 0.0172 × 20 ÷ 1.5 = 0.23 ఓమ్. 5 ఆంపియర్లు పోతే తీగల్లో పడిపోయేది 1.15 వోల్టులు, వేడిగా పోయేది 5 × 5 × 0.23 = 5.75 వాట్లు. లోడుకు అందేది 10.85 వోల్టులే.

ఇక్కడ వోల్టేజి వర్గం ఉన్న రూపం వాడి 12 × 12 ÷ 0.23 అని వేస్తే తీగల్లో 626 వాట్లు పోతున్నట్టు వస్తుంది! మొత్తం సరఫరాయే 60 వాట్లు. ఆ 12 వోల్టులు తీగ రెండు కొసల మధ్య లేవు, అక్కడున్నవి 1.15 మాత్రమే. తీగల నష్టానికి ఎప్పుడూ కరెంటు వర్గం రూపమే వాడండి. అదే 60 వాట్లను అదే తీగల మీద 230 వోల్టులతో పంపితే కరెంటు 0.26 ఆంపియర్‌కు పడిపోయి, నష్టం 16 మిల్లీవాట్ల దగ్గర ఆగుతుంది. దూరాలకు విద్యుత్తును అధిక వోల్టేజితో పంపడం వెనుక ఉన్న లెక్క ఇదే.

రెండు మీటర్లూ ఒకేసారి పెడితే

వోల్ట్‌మీటరు, అమ్మీటరు రెండూ కలిపి నిరోధం కొలిచేటప్పుడు వాటిని ఏ క్రమంలో పెట్టారన్నదీ చూడాలి, ఎందుకంటే మీటర్లు కూడా సర్క్యూట్‌లో భాగమే.

సాధారణ డిజిటల్ మల్టీమీటరు వోల్టుల స్థితిలో 10 మెగాఓమ్‌ల నిరోధంలా ప్రవర్తిస్తుంది. దాన్ని ఒక మెగాఓమ్ రెసిస్టరు కొసలకు నేరుగా కలిపి, అమ్మీటరును బయట పెట్టారనుకోండి. 10 వోల్టుల దగ్గర రెసిస్టరు గుండా 10 మైక్రోఆంపియర్లు, వోల్ట్‌మీటరు గుండా 1 మైక్రోఆంపియర్ పోతాయి. అమ్మీటరు 11 చూపుతుంది. లెక్కవేస్తే 0.91 మెగాఓమ్: 9 శాతం తప్పు. ఎక్కువ నిరోధాలకు అమ్మీటరునూ రెసిస్టరునూ కలిపి, ఆ రెండింటి మీదా వోల్ట్‌మీటరు పెట్టాలి.

తక్కువ నిరోధాలకు ఇది తిరగబడుతుంది. ఒక ఓమ్ రెసిస్టరును 0.1 ఓమ్ ఉన్న అమ్మీటరుతో కలిపి కొలిస్తే 1.1 ఓమ్ వస్తుంది. అక్కడ వోల్ట్‌మీటరు ప్రోబులు నేరుగా రెసిస్టరు కాళ్లకే తాకాలి.

మీటరు కచ్చితత్వాన్నీ మరచిపోవద్దు. వోల్టేజిలో 1 శాతం, కరెంటులో 2 శాతం తేడాకు అవకాశముంటే నిరోధంలోనూ సామర్థ్యంలోనూ 3 శాతం దాకా తేడా ఉండవచ్చు. కాలిక్యులేటరు 47.2137 అని చూపినా మీరు 47 అని రాసుకోండి.

ఏసీ అయితే

హీటరు, ఫిలమెంటు బల్బు లాంటివాటికి పై సూత్రాలే పనిచేస్తాయి. 230 వోల్టులు అనేది ఆర్ఎంఎస్ విలువ (అంతే వేడి పుట్టించే డీసీ వోల్టేజికి సమానం), సామర్థ్యం కట్టడానికి కావలసిందీ అదే. 325 వోల్టుల శిఖర విలువ పెట్టకండి. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మాత్రం వోల్టేజి, కరెంటు ఒకే క్షణంలో శిఖరానికి చేరవు. మోటారు 230 వోల్టుల మీద 2 ఆంపియర్లు తీసుకుంటే గుణకారం 460 ఇస్తుంది. అవి వోల్ట్ ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా ఖర్చయ్యే వంతు) 0.7 అయితే నిజంగా ఖర్చయ్యేది 322 వాట్లు. 230 ÷ 2 = 115 ఓమ్‌లు అనేది ఇంపీడెన్సు, అంటే ఏసీకి ఎదురయ్యే మొత్తం అడ్డు. వైండింగు తీగ నిరోధం దానికంటే బాగా తక్కువ ఉంటుంది.

లోపం పట్టుకోవడానికి ఇదే లెక్క

ఈ భాగహారం నాకు ఎక్కువగా నచ్చేది ఇక్కడే. 12 వోల్టుల సర్క్యూట్‌లో ఒక ఫ్యూజు పెట్టుకునే హోల్డరు వేడెక్కుతోంది. ఓమ్‌మీటరు పెడితే ఏమీ తేలదు, దాని ప్రోబు తీగల నిరోధమే కొలవాల్సినదానికంటే ఎక్కువ. సర్క్యూట్‌ను పూర్తి లోడుతో నడపండి. 8 ఆంపియర్లు పోతుండగా హోల్డరు రెండు చివర్ల మధ్య వోల్టేజి చూడండి. ఫ్యూజుకు ఉండే కొద్దిపాటి పతనం విడిగా ఫ్యూజు కాళ్ల మధ్య కొలిచి తీసేయండి. ఇంకా 0.3 వోల్టు మిగిలిందంటే అతుకుల నిరోధం 0.3 ÷ 8 = 0.0375 ఓమ్. వినడానికి ఏమీ లేనట్టే ఉంది. సామర్థ్యం కట్టండి: 0.3 × 8 = 2.4 వాట్లు, అంతా గోరంత లోహం మీద. ప్లాస్టిక్ మెత్తబడటానికి అది చాలు.

సరఫరా తీసేసి, అతుకులు శుభ్రం చేసి, బిగించి, మళ్లీ అదే 8 ఆంపియర్ల దగ్గర కొలవండి. అంకె కొన్ని పదుల మిల్లీవోల్టులకు దిగకపోతే హోల్డరును మార్చేయండి.